వానలో చూసిన జాగా

మొన్న ఎండాకాలంలో మా తమ్ముడి కూతురు శైలజ నన్ను కారులో కూర్చోబెట్టుకొని, హనుమకొండ దాటించి, కొత్తగా వేసిన ప్లాట్ల దగ్గరికి తీసుకుపోయింది. ఇల్లు కట్టుకోవడానికి జాగా చూస్తున్నది. మేనత్త ముప్పై ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పింది కదా, ఒక మాట అంటే ధైర్యంగా ఉంటుందని ఆశ. జాగా చదునుగా, చేటలో చెరిగి పోసినట్టు ఉంది. అంతటా ఎర్రటి మొరం పరిచి, రోలరు తిప్పి, హద్దురాళ్లకు తెల్లసున్నం కొట్టారు. అమ్మే కుర్రవాడు గొడుగు పట్టుకొని మా వెంట నడుస్తూ, "మేడమ్, ఎంత వాన కొట్టినా గీడికి చుక్క నీళ్లు రావు. గ్యారంటీ" అన్నాడు. "ఎవరు చూసిండ్రు బాబూ?" అని అడిగాను. అతనికి అర్థం కాలేదు. "వానలో గీడ నిలబడి చూసినోళ్లు ఎవరు? పేరు చెప్పు, పోయి అడుగుత" అన్నాను. "అందరంటరు మేడమ్" అన్నాడు. అందరూ అనడం ఒక్కరు చూడడంతో సమానం కాదని చెప్పబోతుంటే శైలజ నా చెయ్యి గిల్లింది. చివరికి, వానలు పడ్డాక మళ్లీ వస్తామని చెప్పాను. అతను నవ్వాపుకోలేకపోయాడు. "వానల ప్లాటు చూడనీకి ఎవరొస్తరు మేడమ్!" అన్నాడు.

ఒకప్పుడు మా ఇంటిల్లిపాదీ అట్లాగే వెళ్లాం. ఆ మాట అతనితో అనలేదు గానీ, తిరుగుదారి పొడుగునా శైలజకు చెబుతూనే ఉన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే పందొమ్మిదేళ్ల పిల్ల గొంతులా వినిపించింది.

మా బాపు రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా. డోర్నకల్ నుంచి వరంగల్‌కు బదిలీ అయినప్పుడు స్టేషనుకు నడిచిపోయే దూరంలో ఇల్లు దొరికితే చాలనుకొని, ఒక నాలా పక్కన పెంకుటింట్లో అద్దెకు దించాడు. డోర్నకల్‌లో మేమున్న రైల్వే క్వార్టర్ల అరుగులు నడుమెత్తు ఉండేవి. నీళ్లు ఇంట్లోకి రావచ్చునన్న ఆలోచనే మా ఊహకు అందేది కాదు. వరంగల్ వచ్చిన రెండో వానాకాలంలో ఒక మధ్యాహ్నం, బాపు డ్యూటీలో ఉండగా, ఆ ఆలోచన మా ఇంటికే వచ్చింది. వాకిలి నుంచి రాలేదు. స్నానం చేసే జాలారు మూల తూము నుంచి, బయటికి పోవలసిన నీళ్లు వెనక్కి తిరిగి బుడబుడమంటూ లోపలికి వచ్చాయి. ముందు ఒక కప్ప వచ్చింది. దాన్ని చూసి తమ్ముడు చప్పట్లు కొట్టాడు. తరువాత వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు తేలింది. అమ్మ మంచం మీద మంచం వేసి, మమ్మల్ని పైకెక్కించి, తాను కింది మంచం మీద నిలబడి బియ్యం డబ్బా నెత్తిన పట్టుకుంది. సాయంత్రానికి నీళ్లు తీశాయి. కానీ ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ ముద్దయ్యాయి. పక్కిళ్ల స్థితీ అంతే. రెండు పూటలు పొయ్యి వెలగలేదు. వీధి వీధంతా ఒక్క పొడి అగ్గిపుల్ల కోసం తిరిగిన ఆ రోజును అమ్మ ఎన్నటికీ మరచిపోలేదు.

వాన పెట్టె ఆ తరువాతే పుట్టింది. ప్రతి ఏడూ మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, అమ్మ మా నోట్లో ఇంగువ, బెల్లం కలిపిన ఉండ పెట్టి, చేతులు కడుక్కొని, ఆకుపచ్చ ట్రంకు పెట్టె ముందు కూర్చునేది. వేయించిన శనగల సత్తుపిండి, కొవ్వొత్తులు, చేంతాడు, జ్వరం గోలీలు, మైనపుగుడ్డలో చుట్టిన రేషను కార్డు, మా బడి సర్టిఫికెట్లు, పాత దుప్పటి, అగ్గిపెట్టెలు వరుసగా సర్దేది. అన్నిటి మీద గుప్పెడు వేపాకు పరిచేది. మూత తెరిచినప్పుడల్లా సత్తుపిండి కమ్మదనం, మైనం వాసన, వేపాకు చేదు కలిసి ఒక్కసారిగా ముఖానికి కొట్టేవి. ఇప్పటికీ తొలకరి వాన అనగానే నాకు మట్టి వాసన కన్నా ముందు ఆ వాసనే గుర్తుకొస్తుంది.

అప్పుడు నేను బీయస్సీలో చేరాను. ప్రయోగశాలలో నేర్చుకున్నదంతా ఇంట్లో ఎవరి మీదనో ఒకరి మీద ప్రయోగించక ఊరుకోలేని వయసు. అమ్మ అగ్గిపుల్లలను మైనపుగుడ్డలో మూటకట్టేది. ఆ మూటను, మైనంలో ముంచిన పుల్లలను, రబ్బరు మూత బిగించిన మందు సీసాలో పోసిన పుల్లలను ఒక రోజంతా బాల్చీ నీళ్లలో ముంచి ఉంచాను. మూట ముడి దగ్గర తడిసింది, మైనం పుల్లల్లో సగం అంటుకోలేదు, సీసా నెగ్గింది. అమ్మ వెంటనే సీసాకు మారింది. ఇక వేపాకు చెమ్మను ఆపుతుందన్న నమ్మకం మిగిలింది. రెండు డబ్బాల్లో ఉప్పు పోసి, ఒకదానిలో వేపాకు వేసి, రెండూ మూసి పెట్టాను. వారానికి వేపాకు ఉన్న డబ్బాలోని ఉప్పే ఎక్కువ చెమ్మగిల్లింది. పచ్చి ఆకులో నీరుంటుంది గదా. ఎంతో ఉత్సాహంగా రెండు డబ్బాలూ తీసుకుపోయి చూపించాను. అమ్మ రెండింటిలోనూ వేలు పెట్టి చూసి, "మంచిగున్నది. నీ ఉప్పు నువ్వు వెట్టుకో, నా యాపాకు నేను వెట్టుకుంట" అంది.

సొంత జాగా కొనాలని బాపు తీర్మానించుకున్నప్పుడు అమ్మ పెట్టిన షరతు ఒక్కటే: నీళ్లు లోపలికి రావద్దు. తూర్పు, పడమర, రోడ్డు, బజారు, బడి, వేటి మీదా ఆమెకు పట్టింపు లేదు. రెండు జాగాలు మా ముందుకు వచ్చాయి. ఒకటి స్టేషనుకు దగ్గర, నల్లరేగడి నేల, బల్లపరుపు. రెండోది ఊరికి ఎడంగా గుట్ట వాలు మీద. గుండ్లు, తుప్పలు, దారి కూడా సరిగా లేదు. అందరి మొగ్గూ మొదటిదాని మీదే. దాన్ని అమ్ముతున్న యాదగిరికి పొడుగాటి మెలితిప్పిన మీసం ఉండేది. "సారూ, నేను పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి గీడ నీళ్లు నిలవంగ సూడలే. నిలిస్తె గీ మీసం తీసేస్త" అని మా బాపు ముందు మీసం దువ్వాడు.

మంచి జాగాను పరీక్షించడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. మూరెడు గుంత తవ్వి, ఆ మట్టినే మళ్లీ అందులో పోస్తారు. మట్టి మిగిలితే మంచి జాగా, చాలకపోతే చెడ్డది. ఎండలు మండిపోతున్న ఒక ఆదివారం పొద్దున అందరం పోయాం. మాకు ఇల్లు కట్టవలసిన తాపీమేస్త్రీ కాసిం మామ గడ్డపారతో గుంత తీశాడు. తీసిన మట్టి తిరిగి పోస్తే తట్టెడు మిగిలింది. యాదగిరి ముఖం వెలిగిపోయింది. నేను ఊరుకోలేదు. పెళ్లగించిన మట్టి ఎక్కడైనా పొంగుతుందనీ, మంచి నేలలోనైనా చెడ్డ నేలలోనైనా మిగులుతుందనీ, ఇది పరీక్షే కాదనీ వాదించాను. గుంతను మళ్లీ ఖాళీ చేయించి, బిందెడు నీళ్లు పోయించి, బాపు చేతి గడియారం తీసుకొని కూర్చున్నాను. నీళ్లు గటగటా తాగినట్టు లోపలికి పోయాయి. పది నిమిషాలు కాకముందే గుంత అడుగు కనిపించింది. నేను లేచి నిలబడి, నేల నీటిని పీల్చుకుంటున్నది, నిలవనీయదు, ఈ జాగా మంచిదని ప్రకటించాను. "సదువంటె గిట్లుండాలె!" అన్నాడు యాదగిరి. బాపు నా వైపు గర్వంగా చూసి, "మా బిడ్డ చెప్పినంక ఇంకేమున్నది. శుక్రవారం మాట ఖాయం జేసుకుందం" అన్నాడు.

కాసిం మామ మాత్రం తవ్విపోసిన మట్టికుప్ప దగ్గర గొంతుకూర్చొని ఏదో ఏరుతున్నాడు. అరచెయ్యి చాచి నాకు చూపించాడు. చిటికెన వేలి గోరంత తెల్లటి నత్తగుల్లలు, నాలుగైదు.

"గివేంది బిడ్డా?"

"నత్తగుల్లలు మామా."

"నత్త గీ ఎండల స్టేషన్ కాడికెల్లి నడిసొచ్చిందా, రైలుల వచ్చిందా?"

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఎప్పుడో ఎవరో చెరువు మట్టి తెచ్చి పోసి ఉంటారని అన్నాను. "ఉండొచ్చు" అని ఒప్పుకున్నాడు కాసిం మామ. తరువాత బాపు వైపు తిరిగి, "అన్నా, నాకు పని ఇయ్యాల మొదలైతె ఇయ్యాలనే మంచిది. అయినా చెప్తాన, జర ఒక్క వాన సూసినంక మాటియ్యి" అన్నాడు.

యాదగిరి మండిపడ్డాడు. అప్పటిదాకా ఆగితే జాగా ఉండదన్నాడు. బాపు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. ఆగడమంటే ఏమిటో మా అందరికీ తెలుసు: ఇంకో వానాకాలం ఆ నాలా పక్క ఇంట్లోనే, జాలారు తూము వైపు చూస్తూ గడపాలి. ఉరిమినప్పుడల్లా అమ్మ లేచి పోయి ఆ మూల నిలబడడం మేము ఏటా చూస్తున్నదే. ఆమె కోసమే ఈ తొందరంతా. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని చెప్పింది: "ఆగుదమయ్యా. ఒక్క వానకాలం భయపడ్త. బతుకంత భయపడుడు నాతోని గాదు."

నా పరీక్ష మీద అమ్మకు నమ్మకం లేదన్నది ఆ మాటలో నాకు వినిపించింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆ గుంతలోంచి రెండు పెద్ద నల్లమట్టి పెళ్లలు గుడ్డలో కట్టుకొని తెచ్చాను, నా మాటే నిజమని వాళ్లముందే నిరూపించడానికి. అడుగున చిల్లున్న పాత పూలకుండీలో వాటిని పెట్టి, పగుళ్లు పైకి కనిపించేలా సర్ది, చెంబెడు నీళ్లు పోశాను. నీళ్లు కిందికి జలజలా కారాయి. ఇంకేం కావాలి! అయితే ఒక్కసారి చేసిన దాన్ని ఫలితమని రాస్తే మా లెక్చరర్ కాగితం విసిరికొట్టేవాడు. అందుకని మరునాడు పొద్దున మళ్లీ పోశాను. నీళ్లు కదలలేదు. మధ్యాహ్నం చూశాను, అంతే ఉన్నాయి. సాయంత్రం అందులో ఆకాశం కనిపిస్తున్నది. వేలితో తడిమాను, పగుళ్లు లేవు. మట్టి ఉబ్బి, అతుక్కొని, మైనం పూసినట్టు నున్నగా మూసుకుపోయింది.

మొన్న గుంతలో నీళ్లు తాగింది నేల కాదు, ఎండకు నోళ్లు తెరిచిన పగుళ్లు! తొలి వానకే ఆ నోళ్లు మూతపడతాయి. ఆ తరువాత పడ్డ ప్రతి చుక్కా పైనే ఉండిపోతుంది. నల్లరేగడిని ఎండాకాలంలో నీళ్లు పోసి పరీక్షించడం, పరీక్షకు ముందే జవాబు చెప్పించుకోవడం లాంటిది. ఇంత చదివిన దాన్ని ఇంత సుళువుగా ఎట్లా మోసపోయానో అర్థమవుతుంటే, సిగ్గు పడవలసింది పోయి, కుండీ ఎత్తుకొని వంటింట్లోకి పరుగెత్తాను. అమ్మ రొట్టె కాలుస్తున్నది.

"అమ్మా! తప్పు! నేను చెప్పింది మొత్తం తప్పు!"

"ఏంది తప్పు? జర మెల్లగ, నీళ్లు పొయ్యిల వడ్తయి."

నేను చెప్పిందంతా ఆమె పెనం మీద రొట్టె తిప్పుతూ విన్నది. చివరికి నా ముఖంలోకి చూసి, "తప్పైందంటానవ్, మరి గంత ఖుషీ ఏందే?" అని అడిగింది. అదేమిటో ఇప్పుడు చెప్పగలను. ఎవరో చెప్పిన అబద్ధాన్ని పట్టుకోవడంలో ఒక తృప్తి ఉంది; మన అబద్ధాన్ని మనమే, అది ఎవరి నెత్తినా పడకముందే పట్టుకోవడంలో ఉన్న సంతోషం దానికి పదింతలు.

అయినా పూలకుండీ ప్లాటు కాదు. జాగాను వానలోనే చూడాలి. ఒక వెదురు బద్దకు అంగుళం అంగుళానికి రంగు గీతలు పెట్టి సిద్ధంగా ఉంచుకున్నాను. మిరుగం వచ్చింది, పెట్టె సర్దడం అయింది, తొలకరి జల్లులు పడ్డాయి. నేను ఎదురుచూస్తున్నది వాటి కోసం కాదు. ఒక రోజు పొద్దున మొదలైన ముసురు మధ్యాహ్నానికి కుండపోత అయ్యింది. బాపు షెడ్డులో అడిగి ఇంటికి వచ్చేశాడు. అమ్మ జాలారు తూములో గోనెసంచి కుక్కి, దాని మీద రోలు దొర్లించి, పెట్టెను అటక మీదికి ఎక్కించి, "నడువుండ్రి" అంది. ఉరిమితే ఆ మూల విడిచి కదలని మనిషి, అంత వానలో అందరికన్నా ముందు వీధిలోకి దిగింది. గోనెసంచి కొప్పెరలు కప్పుకొని, తమ్ముణ్ని బాపు భుజాన వేసుకొని, నేను బద్ద పట్టుకొని పోతుంటే, అరుగుల మీది వాళ్లు పిలిచి అడిగారు, ఎవరికేమైందని. "ఏం గాలే, జాగా సూడవోతానం!" అని అమ్మ అరిచి చెప్పింది. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. కాసిం మామ తోవలో కలిశాడు.

నల్లరేగడి జాగా అక్కడ లేదు. దాని చోట మడుగొకటి ఉంది. హద్దురాళ్ల తెల్లటి తలలు మాత్రం కొంగల్లాగా తేలి కనిపిస్తున్నాయి. నేను దిగి బద్ద గుచ్చాను. మేము గుంత తవ్విన చోటుకు పక్కనే పందొమ్మిది అంగుళాలు. గట్టిగా చదివి వినిపించాను. వాన హోరులో ఎవరికీ వినపడకపోతే మళ్లీ చదివాను. రోడ్డు మీద గొడుగు కింద యాదగిరి నిలబడి ఉన్నాడు, మా మాదిరిగానే చూడడానికి వచ్చాడో ఏమో. "గివి కొత్త నీళ్లు సారూ, మునుపెన్నడు రాలే" అన్నాడు. కాసిం మామ తాపీగా, "పాత నత్తలు, కొత్త నీళ్లు" అన్నాడు. యాదగిరి చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. మేమందరం దాన్నే చూస్తున్నామని గ్రహించి, గొడుగు కాస్త కిందికి దించుకున్నాడు.

అక్కడి నుంచి నేరుగా గుట్ట మీదికి. నీళ్లు గుండ్ల మధ్య నుంచి ఉరుకుతూ దిగిపోతున్నాయి, ఎక్కడా ఆగడం లేదు. అమ్మ ఒక బండ మీదికెక్కి, చీర కుచ్చిళ్లు ఎత్తి, తన పాదాల వైపు చూసుకుంది. పాదాల చుట్టూ పారుతున్నాయే గానీ, నిలవడం లేదు. "గిదే" అంది. నేను ఒప్పుకోలేదు. కింద నిలవకపోతే సరిపోదు, పైన పడ్డది ఎటు వస్తుందో కూడా చూడాలి గదా! పైకెక్కి చూస్తే, ఆ జాగాలో ఎడమ మూల గుండా ఒక పాయ మట్టిని కోసుకుంటూ దూకుతున్నది. ఎండాకాలంలో చూడవచ్చినప్పుడు అది తుప్పల మధ్య చిన్న కాలిబాటలా కనిపించింది. కొంటే వంటిల్లు ఇక్కడని అప్పుడు బాపు అనుకున్నది సరిగ్గా ఆ చోటే. కాసిం మామ రాళ్లు ఏరి, పాయకు ఇవతల ఇరవై అడుగులు వదిలి, ఇంటి నాలుగు మూలలకూ ఆ వానలోనే గుర్తులు పెట్టేశాడు. చలికి పళ్లు కటకటలాడుతున్నా అందరం నవ్వుతూనే ఉన్నాం. అంత సంబరం మా ఇంట్లో ఏ పండుగకూ నేను చూడలేదు.

గుట్ట మీద బతుకు సుఖంగా సాగిందని చెప్పను. ఎండాకాలం బిందెలతో నీళ్లు ఎక్కించలేక ఆయాసపడ్డాం, తేళ్లు వచ్చేవి, రిక్షావాళ్లు కిందనే దింపేసి పోయేవారు. బాపు సైకిలు తొక్కిన దానికన్నా తోసిందే ఎక్కువ. అయినా ఉరుములు ఉరిమినప్పుడు అమ్మ లేచి ఏ మూలకూ పోలేదు. మిరుగం నాడు పెట్టె సర్దడం మాత్రం మానలేదు. "గుట్ట మునుగుతె వరంగల్ మొత్తం మునుగుతది, గా పెట్టె ఎవరికే?" అని బాపు ఎగతాళి చేసేవాడు. మూడో ఏటనో నాలుగో ఏటనో నాలా మళ్లీ పొంగింది. పాత వీధిలో మా ఇరుగుపొరుగు ఏడెనిమిది కుటుంబాలు పిల్లలను చంకనేసుకొని మా గుట్ట ఎక్కి వచ్చాయి. అమ్మ పెట్టె మూత తీసి, వేపాకు పక్కకు తోసి, సీసా మూత విప్పి పుల్ల గీసింది. మొదటి పుల్లకే వెలిగింది. పొయ్యి వెలిగించి, సత్తుపిండి కలిపి పిల్లల చేతుల్లో పెడుతూ, బాపు వైపు ఒక్కసారి చూసింది. బాపు ఆ తరువాత ఎన్నడూ అడగలేదు.

అప్పటికీ ఇప్పటికీ బేరీజు వేస్తే, మాకు దొరికిన ఆధారాలు శైలజకు దొరకవు. ఆమె చూసిన జాగాలో గడ్డపార వేస్తే లారీలతో తెచ్చిన మొరమే వస్తుంది. దాని కింద నల్లమట్టి ఉందో, నత్తగుల్లలు ఉన్నాయో చెప్పగల కాసిం మామ లేడు. పక్కన వేసిన రోడ్డు పాత వాగును ఎటు తిప్పిందో కాగితాల్లో ఉండదు. నేలను మాట్లాడనీయకుండా చేయడం నేర్చుకున్నారు, కానీ వాన మాట్లాడకుండా ఇంకా ఎవరూ ఆపలేకపోయారు.

ఈ వాక్యం రాస్తుండగానే ఫోను మోగింది. కిటికీ బయట గంట నుంచి కుండపోత. "అత్తమ్మా, ఇంత వానల ఎట్లనే?" అన్నది శైలజ, కానీ కారు ఇంజను చప్పుడు ఆమె గొంతు వెనక అప్పుడే వినిపిస్తున్నది. కొత్త వెదురు బద్ద తలుపు పక్కన సిద్ధంగా ఉంది. గీతలు మొన్ననే పెట్టాను. ఈ అధ్యాయం ఇక్కడ ఆపుతున్నాను. అంగుళాలు చూసి రావాలి.